అరకు చూశారా, పాయింట్లు చూశారా?

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిందంటే చాలు, మన ఇళ్ళల్లో ఓ మాట తరచుగా వినబడుతూ ఉంటుంది. "అరకు వెళ్ళొచ్చామండీ!" అని. ఆ చెప్పడంలో ఏదో పాత బాకీ తీర్చుకొచ్చినంత ధీమా! "ఏం చూశారేమిటి?" అని అడిగామా, వేళ్ళు మడిచి లెక్క మొదలు. పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, చాపరాయి, థింసా నాట్యం, గాలికొండ, కాఫీ తోటలు, బొర్రా గుహలు. "మొత్తం ఏడు పాయింట్లూ ఒక్క రోజులో కవర్ చేసేశాం. ఒక్కటీ వదల్లేదు" అని ముక్తాయింపు.

పాయింట్లట! కవర్ చేశారట! కవర్ చెయ్యడానికి అరకులోయ ఏమన్నా దిండా, పరుపా?

నా తగువంతా ఈ "పాయింటు" అనే మాటతోనే. ఎవరు కనిపెట్టారో గాని, చక్కటి కొండప్రాంతాన్ని తీసుకెళ్ళి పరీక్ష పేపరు చేసి కూచోబెట్టారు. ఏడు ప్రశ్నలకూ జవాబులు రాస్తే ఫస్టు క్లాసు. అయిదే రాస్తే, "అయ్యో, గాలికొండ వ్యూ పాయింటు చూళ్ళేదా? అయితే మీరు అరకు చూసినట్టే కాదు!" అని పక్కింటావిడ మార్కులు కోసేస్తుంది. ఈ పరీక్షకి భయపడి మనం పరుగులు పెడుతున్నాం. ఆ పరుగులో నష్టపోతున్నది ఎవరూ అంటే, ముందు మనం. మనతో పాటు ఆ కొండల మీద ఆడవాళ్ళు. అంచేత ఈ ఒక్కరోజు అరకు యాత్ర అనే పద్ధతి మానెయ్యాలని నా వాదన. కోపం తెచ్చుకోకుండా సాంతం వినండి.

ముందు లెక్క చూద్దాం. ఇంటి పద్దులు చూసే మనకి లెక్కలంటే భయమేమిటి? విశాఖపట్నంలో తెల్లవారగట్ల బయల్దేరి కిరండూల్ వెళ్ళే రైలెక్కితే అరకు చేరేసరికి పదకొండు గంటలు అటూ ఇటూ. రాత్రి తొమ్మిదికల్లా మళ్ళీ విశాఖలో ఉండాలి. చేతిలో ఉన్నది పది గంటలు. అందులో తిరుగు ప్రయాణానికి ఘాట్ రోడ్డు మీద నాలుగు గంటలు తీసెయ్యండి. భోజనానికి గంట తీసెయ్యండి. మిగిలింది అయిదు గంటలు, అంటే మూడు వందల నిమిషాలు. ఏడు పాయింట్లకి పంచితే ఒక్కోదానికి నలభై రెండు నిమిషాలు. అందులోంచి బస్సెక్కడం, దిగడం, టిక్కెట్టు కొనడం, తప్పిపోయిన పెద్దబ్బాయిని వెతకడం, ఆడవాళ్ళ బాత్‌రూము దగ్గర బారు కట్టి నిలబడడం (మగవాళ్ళకి ఈ లెక్క తెలియదు లెండి) ఇవన్నీ తీసేస్తే చూడ్డానికి మిగిలేది పావుగంట. ఆ పావుగంటలో పది నిమిషాలు ఫొటోలు. ఏతావాతా కళ్ళతో చూసింది అయిదు నిమిషాలు!

ఈ అయిదు నిమిషాల సంబరం కోసం ఇంటావిడ ఎప్పుడు లేచింది? రెండు గంటలకి. పులిహోర కలిపింది, చపాతీలు ఒత్తింది, పెరుగన్నంలో పాలెక్కువ పోసి పులవకుండా జాగ్రత్త పడింది. ఘాట్ రోడ్డు మలుపుల్లో పిల్లలకి వాంతులవుతాయని నిమ్మకాయలూ, కవర్లూ, తువ్వాళ్ళూ సర్దింది. తీరా అక్కడికెళ్ళాక ఆవిడ పని ఏమిటి? చాపరాయి దగ్గర అందరూ నీళ్ళల్లో ఆడుకుంటూంటే గట్టు మీద కూచుని చెప్పులకి కాపలా. గుహల దగ్గర మోకాళ్ళు నొప్పులన్న అత్తగారికి తోడు. తోటలో సంచీలు ఎన్నున్నాయో లెక్క. ఇంటికొచ్చి గిన్నెలు కడుక్కునేసరికి అర్ధరాత్రి. మర్నాడు శ్రీవారు ఆఫీసులో అరకు గురించి ఉపన్యాసం ఇస్తారు. ఆవిడ మడమలకి కొబ్బరినూనె రాసుకుంటుంది. సంవత్సరానికి ఒక్కసారి వచ్చే విహారం, మన వంటిల్లుని చక్రాల మీదెక్కించి కొండ మీదకి తీసుకెళ్ళడమేనా? మీరే చెప్పండి.

సరే, అయిదు నిమిషాల్లో మనం చూడకుండా వదిలేసిందేమిటో కూడా చూద్దాం.

రైలు సంగతే తీసుకోండి. ఆ కొత్తవలస-కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయి. సొరంగం రాగానే పిల్లలు కేకలు పెట్టడం, చీకట్లో పెద్దవాళ్ళు పర్సులు తడుముకోవడం మామూలే. కాని ఈ దారి మన విహారం కోసం వేసింది కాదు సుమా! బైలాడిల్లా గనుల్లోని ఇనప రాయిని విశాఖ రేవుకి తెచ్చి జపానుకి పంపడం కోసం 1960లలో కొండలు తొలిచి వేశారు. 2017లో అద్దాల పెట్టె తగిలించి మనల్ని మురిపించారు గాని, ఆ దారికి అసలు యజమాని ఎదురుగా వచ్చే గూడ్సు బండే. అందుకే ఒక్కోసారి మన రైలుని పక్కకి నిలబెట్టి ఆ బండిని ముందు పోనిస్తారు. సిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తులో ఉంది. దేశంలోని బ్రాడ్‌గేజి స్టేషన్లలో ఒకప్పుడు అదే అన్నిటికన్నా ఎత్తయినదని పేరు. ఇంత కథ ఉన్న దారిలో మనం చేసే పనేమిటి? పులిహోర పంచిపెట్టడం.

ఇక బొర్రా గుహలు. లోపలికి దిగితే దాదాపు 80 మీటర్ల లోతు. వాన నీరు మట్టిలోంచి కిందికి ఇంకేటప్పుడు బొగ్గుపులుసు గాలిని కలుపుకుని కాస్త పుల్లబడుతుంది. ఆ పుల్లనీరు సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగించి పట్టుకొచ్చి, గుహ కప్పు నుంచి చుక్కచుక్కగా రాలుస్తుంది. రాలిన ప్రతి చుక్కా కంటికి కనబడనంత సున్నాన్ని వదిలిపోతుంది. అలా వేల ఏళ్ళు పేరుకుంటే పై నుంచి దిగే రాతి ఊడలూ, కింద నుంచి లేచే రాతి మొలకలూ తయారవుతాయి. వెయ్యేళ్ళకి జానెడు పెరిగితే గొప్ప. మన ఇంట్లో కుళాయి కింద బకెట్టుకి తెల్లగా పట్టే గార కూడా ఈ జాతిదే. దాన్ని చింతపండుతో తోముతాం గనక ఆ చుక్కల ఓపిక ఎంతటిదో మనకి తెలియాలి.

తెలుస్తుందా? గైడు టార్చిలైటు వేసి, "అదిగో శివపార్వతులు, ఇదిగో తల్లీబిడ్డ, అది ఋషి గడ్డం, ఇది మొసలి" అని పేర్లు చదువుకుంటూ పోతాడు. హాజరు పట్టీ పిలిచినట్టు మనం "ఆ ఆ" అంటూ వెనకాల పరుగెడతాం. ఆ తరవాత "నున్నగా ఉందే!" అని చెయ్యి పెట్టి రాస్తాం. ఆ చేతికున్న నూనె జిడ్డు రాతికి అంటుకుంటే కొత్త సున్నం అక్కడ సరిగా పట్టదు, పెరుగుదల ఆగిపోతుంది. వేల ఏళ్ళ పని మన వేలి ముద్ర దగ్గర ఆగిపోతుందన్న మాట. ముగ్గు వేసి ఆరకుండానే ఎవరైనా తొక్కితే మనం ఊరుకుంటామా?

తొక్కడం అంటే గుర్తొచ్చింది, వలిసె పూలు. వానలు వెనకబట్టాక కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు పూస్తాయి. ఎంత అందం! ఆ అందం మధ్యలో నిలబడి, పట్టుచీర కొంగు గాలికి ఎగరేసి ఫొటో తీయించుకోవాలని ఎవరికి ఉండదు? కాని అది పూలతోట కాదమ్మా, పంట. వలిసెలు నూనెగింజలు. మన నువ్వుచేను లాంటిది. మన చేలో పదిమంది దిగి చిందులేస్తే మన మావగారు కర్ర పట్టుకుని రారూ? అక్కడి రైతులు కర్ర పట్టుకోలేదు. మనిషికింత అని డబ్బు అడుగుతున్నారు. దానికి మనం, "చూశారా, వీళ్ళు కూడా వ్యాపారం నేర్చేశారు" అని మూతి విరుస్తాం. పంట తొక్కినందుకు పరిహారం అడగడం వ్యాపారమైతే, తొక్కడాన్ని ఏమనాలో?

థింసా మాట కూడా చెప్పుకోవాలి. ఒకరి వెనకనుంచి ఒకరు చేతులు కలుపుకుని, ఆడవాళ్ళంతా ఒకే గొలుసులా అడుగు ముందుకీ వెనక్కీ వేస్తూ పాములా చుట్లు తిరుగుతారు. డప్పు, తుడుము, కిరిడి, మోరి వాయిస్తూంటే చైత్రమాసపు పండగల్లోనూ, పెళ్ళిళ్ళల్లోనూ తమ సంతోషం కొద్దీ ఆడుకునే ఆట అది. మన బతుకమ్మ, గొబ్బెమ్మల పాట లాంటిది. ఇప్పుడు బస్సు దిగిన వాళ్ళ కోసం ఎండలో ఆడుతున్నారు. కూలి కోసం ఆడడం తప్పని నేననను. కళకి డబ్బివ్వాల్సిందే, కాస్త ఎక్కువే ఇవ్వాలి. నా బాధల్లా మనం చూసే తీరు. ఒక చేత్తో మిరపకాయ బజ్జీ, ఒక చేత్తో ఫోను. సగంలో లేచిపోవడం. అద్దెకి దొరికే గిరిజన చీర మోకాళ్ళ దాకా చుట్టుకుని, వాళ్ళ మధ్యన దూరి పకపకలాడడం. ఎవరో పరాయివాళ్ళు బస్సులో దిగి, మన అమ్మాయి పెళ్ళిలో పేరంటాళ్ళ మధ్య దూరి, మడిచీరలు చుట్టుకుని ఫొటోలు దిగితే మనకెలా ఉంటుంది? "సరదా" అని సరిపెట్టుకుంటామా?

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది మరొక మాట. గాలికొండ దగ్గర నిలబడి మంచు చూస్తూ ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు అనే తీరతారు: "ఇక్కడ ఓ నాలుగు సెంట్లు కొనుక్కుని చిన్న ఇల్లు కట్టుకుంటే ఎంత బాగుంటుందండీ!" బాగానే ఉంటుంది. మనకి. అందుకే చట్టం వద్దంది. ఏజెన్సీ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970 నాటి ఒకటో నంబరు చట్టం చెబుతోంది. "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారే, అదే. అంతటితో అయిపోలేదు. మనం టిక్కెట్టు కొని దిగే ఆ బొర్రా చుట్టుపక్కల అడవుల్లోనూ పల్లెల్లోనూ గనులు తవ్వుకోవడానికి ప్రైవేటు వాళ్ళకి లీజులిచ్చారు. "సమత" అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమి అయినా సరే ప్రైవేటు కంపెనీలకి గనుల కోసం లీజుకివ్వడానికి వీల్లేదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దేశమంతా చెప్పుకునే తీర్పు అది. ఆ కొండలు ఇవాళ మనం ముచ్చటపడేటట్టు పచ్చగా ఉన్నాయంటే, వాటికోసం పోట్లాడినవాళ్ళు ఉన్నారు గనక. ఏడు పాయింట్ల పట్టీలో ఈ తీర్పు లేదు. ఆ పట్టీలో లేనివి ఇంకా ఉన్నాయి. మనం పాటలు పెట్టుకుని దిగివచ్చే ఆ అల్లూరి సీతారామరాజు జిల్లాలోనే, రోడ్డు లేని గూడేల నుంచి నిండుచూలాళ్ళని డోలీ కట్టి మోసుకొచ్చే వార్తలు ఇప్పటికీ పేపర్లో వస్తూనే ఉన్నాయి. ఘాట్ రోడ్డు మలుపులకి మనకి కళ్ళు తిరుగుతున్నాయని విసుక్కుంటాం. ఆ మలుపులైనా లేక అవస్థ పడే తల్లులు ఆ పక్క కొండ మీదే ఉన్నారు.

పైగా దీనికి మనం పెట్టిన ముద్దుపేరు "ఆంధ్రా ఊటీ"! మరో ఊరికి "ఆంధ్రా కాశ్మీరు"! ఎందుకండీ ఈ అరువు పేర్లు? మన కోడల్ని "ఫలానావారి కోడలిలా ఉంటుంది" అని పరిచయం చేస్తామా? ఊటీలో వలిసెలు పూస్తాయా? ఊటీలో థింసా ఉందా? అరకుకి అరకు అనే పేరు చాలు.

ఇప్పుడు మీ అభ్యంతరాలు వస్తాయని నాకు తెలుసు. ఒక్కొక్కటే రానివ్వండి.

"రెండు రాత్రులుండడానికి డబ్బెక్కడిదమ్మా?" అంటారు. న్యాయమే. కాని ఏటా ఒక కొండకి ఒక్కరోజు పరుగులు పెట్టే బదులు, రెండేళ్ళకోసారి వెళ్ళి రెండు రాత్రులుండండి. చీటీ కట్టి వెండి గిన్నెలు కొనుక్కునే మనకి, చీటీ కట్టి రెండు తెల్లవారుజాములు కొనుక్కోవడం చేతకాదా?

"ఆయనకి సెలవు దొరకదు" అంటారు. పెళ్ళిళ్ళకీ, క్రికెట్టు మ్యాచికీ దొరికే సెలవే ఇది కూడా.

"పెద్దవాళ్ళతో కష్టం" అంటారు. నిజానికి పెద్దవాళ్ళకి కష్టం ఏడుసార్లు బస్సెక్కి దిగడం. ఒకచోట కుర్చీ వేసి, శాలువా కప్పి, ఎదురుగా కొండ చూపిస్తే వాళ్ళంత సంతోషంగా ఇంకెవరూ చూడరు.

చివరికి గట్టి ప్రశ్న ఒకటుంది. "మనం వెళ్ళకపోతే అక్కడివాళ్ళకి రాబడి ఏది? ఎంతమంది వెళితే అంత మంచిది కదా?" ఈ మాటలో నిజముంది కాబట్టి తేలిగ్గా తీసెయ్యను. కాని ఒక్కరోజు యాత్రికుడు అక్కడ ఖర్చు పెట్టేదెంత? బస్సు డబ్బు కిందనే కట్టాడు. టిఫిను ఇంటినుంచి తెచ్చుకున్నాడు. నీళ్ళసీసా విశాఖలో కొన్నాడు. అక్కడ వదిలి వచ్చేది మాత్రం ఆ ఖాళీ సీసా! రెండు రాత్రులున్నవాళ్ళు అక్కడే తింటారు, సంతలో అల్లం, చింతపండు, రాజ్‌మా కొంటారు, అక్కడి కుర్రాడిని దారి చూపించమని తోడు తీసుకెళ్ళి డబ్బిస్తారు. వందమంది ఒకపూట ఉరికి వెళ్ళేకంటే పదిమంది కుదురుగా ఉండడమే ఆ ఊరికి లాభం. మన గుమ్మంలో చూడండి: వందమంది వచ్చి బెల్లు కొట్టి పోతే చాకిరీ, నలుగురు వచ్చి కూచుని భోంచేసి వెళితే బంధుత్వం.

మరి ఏం చెయ్యమంటారూ అంటే, వంటకం చెప్పినట్టే చెబుతాను. రెండు రాత్రులు తీసుకోండి. ఏడింట్లోంచి మూడు చాలు, మిగతావి నిర్దాక్షిణ్యంగా కొట్టెయ్యండి. బొర్రాకి ఒక పూటంతా ఇవ్వండి. గైడు పేర్లన్నీ చెప్పాక ఒక్క అయిదు నిమిషాలు మాట్లాడకుండా నిలబడి నీటిచుక్క పడే చప్పుడు వినండి. చేతులు కొంగులో దాచుకోండి. కాఫీ తోటకి వెళితే కప్పు కాఫీ తాగి వచ్చెయ్యకండి. నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లూ, వాటికి అల్లుకున్న మిరియాల తీగలూ, వాటి కింద కాఫీ మొక్కలూ ఎలా ఒకే ఇంట్లో తోడికోడళ్ళలా సర్దుకుపోతున్నాయో చూడండి. పండిన ఎర్రపళ్ళనే ఏరి కోసే ఆ చేతులు ఎక్కువగా ఆడవాళ్ళవే. 2019లో అరకు అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరులో వాళ్ళ వేళ్ళ నొప్పి కూడా ఉంది. పొద్దున్నే ఫిల్టర్లో డికాషను దిగడానికి అరగంట ఓపిక పట్టే జాతి మనది. ఆ గింజ పండడానికి పట్టే ఓపికని మనం గౌరవించకపోతే ఇంకెవరు గౌరవిస్తారు?

ఫొటో తీసేముందు "తియ్యమంటావా అమ్మా?" అని అడగండి. వద్దంటే నవ్వి ఊరుకోండి. తీసుకెళ్ళిన ప్లాస్టిక్కు తిరిగి తెచ్చుకోండి. సంతలో బేరమాడకండి అనను, అది మన ప్రాణం. కాని నాలుగు కిలోమీటర్లు నెత్తిన మోసుకొచ్చిన పనసకాయ దగ్గర పది రూపాయల కోసం పట్టుదలకి పోకండి.

ఆఖరుగా అతి ముఖ్యమైనది. పులిహోర చెయ్యకండి! అవును, చెయ్యకండి. ఒక్క పూట అక్కడి హోటల్లో అన్నం మెత్తబడిందనో, చారు చప్పగా ఉందనో ఎవరూ పస్తు పడుకోరు. చెప్పులకి కాపలా పని శ్రీవారికి అప్పగించండి, సంచీలు పెద్దబ్బాయికి. రెండో రోజు పొద్దున్న అందరికన్నా ముందు లేచే అలవాటు మీకెలాగూ ఉంది గదా, ఆ రోజు లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళకుండా బయటికి రండి. లోయలో మంచు పాలపొంగులా లేచి, ఎవరూ గరిటె తిప్పకుండానే తనంతట తాను సర్దుకుని దిగిపోతుంది. దాన్ని పొంగిపోకుండా చూసే బాధ్యత మీది కాదు. అక్కడ బోర్డు ఉండదు, టిక్కెట్టు ఉండదు, ఏ పట్టీలోనూ దాని పేరు ఉండదు.

తిరిగొచ్చాక పక్కింటావిడ "ఎన్ని పాయింట్లు చూశారు?" అని అడుగుతుంది. "లెక్కపెట్టలేదండీ" అని చెప్పండి. మార్కులు కోసుకుంటే కోసుకోనివ్వండి.